ఏమీ మిగలని లెక్క

ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందుగా గోడకు అరచెయ్యి ఆనించి చూస్తుంది. పలకరింపులూ కుర్చీలూ ఆ తరవాతనే. సంగతి తెలియనివాళ్ళు ఇల్లు కొనడానికి వచ్చిందనుకుంటారు. తెలిసినవాళ్ళు చూపు తిప్పుకుంటారు. ఆమె బావ మాత్రం, "మా మరదలు గోడకి జ్వరం చూస్తోంది, ఎవరన్నా థర్మామీటరు ఇవ్వండి," అని అందరినీ నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యదు.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు, యాభైలో పడ్డాక పట్టుకుంది. అంతకుముందు చాలా ఏళ్ళు ఆమె ఉద్యోగంలో మట్టినీ నీటినీ తాకవలసిన అవసరమే ఉండేది కాదు. వాటి అంకెలే ఆమె బల్ల దగ్గరకు వచ్చేవి.

ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం ఒక లోయకు ఎగువన, కొండ భుజం మీద ఉంది. నేల, నీరు, గాలి ఒకదానితో ఒకటి ఏమి ఇచ్చిపుచ్చుకుంటాయో ఒకేచోట ఏళ్ళ తరబడి కొలవడం ఆ కేంద్రం పని. అందుకు మూడు గదులున్నాయి. నేల గదివాళ్ళు కొండవాలులో నిలువెత్తు లోతు వరకు దించిన కడ్డీలతో మట్టిలోని తేమను చూస్తారు. నీటి గదివాళ్ళు పడిన వాననూ, పారిన వాగునూ కొలుస్తారు. గాలి గదివాళ్ళకు కొండ నడుమ ఒక ఇనుప టవరుంది. దాని కొనన ఉన్న పరికరాలు పైకి లేచే గాలిసుడులను క్షణానికి పలుమార్లు పట్టి చూసి, చెట్లు ఆకులగుండా వదిలిన ఆవిరి ఎంతో చెబుతాయి. ఈ మూడు గదుల అంకెలనూ కలిపి సాలుకొక పట్టికగా కూర్చడం ఆమె ఉద్యోగం. అందుకే కేంద్రంలో ఆమెను అందరూ కూడికమ్మ అంటారు. నిజానికి ఆమె చేసేది తీసివేతే అయినా, తీసివేతమ్మ అంటే బాగుండదని అలా ఖాయం చేశారు.

తీసివేత సులువైనదే. కొండమీద పడిన వానలోంచి గాలిలోకి పోయిన నీటిని తీసెయ్యాలి. వాగులో పోయినదాన్ని తీసెయ్యాలి. మట్టిలో నిలిచినదాన్ని తీసెయ్యాలి. చివరకు ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే ఎవరో తప్పు కొలిచారని అర్థం. లేదా నీరు ఎవరూ కొలవని చోటికి పోయిందని అర్థం. ఈ రెండో అర్థాన్ని కేంద్రంలో ఎవరూ అంతగా పట్టించుకునేవారు కాదు.

తొలి రోజుల్లో ఆ మిగులు గురించి మూడు గదులకూ ఉప్పూ నిప్పూగా ఉండేది. మీ కడ్డీలు తప్పంటే మీ టవరు తప్పని, ఒకరి పరికరాలను ఒకరు వెళ్ళి తనిఖీ చేసి, చివరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. అప్పటి డైరెక్టరు ఒక కట్టుబాటు చేశాడు: ఎవరి కొలత వారి పరువు, ఒక గదివారు ఇంకో గదివారి పరికరాల దగ్గరకు వెళ్ళరాదు, తేలిన అంకెను మాత్రం కూడికమ్మ బల్లమీద పెట్టాలి. శాంతి కుదిరింది. మంచి అలవాటు కాబట్టి తరవాత వచ్చినవాళ్ళెవరూ దాన్ని ప్రశ్నించలేదు. అంతటి ఉద్యోగకాలంలో ఆమె ఒక్కసారి కూడా టవరు దగ్గరకు వెళ్ళకపోవడానికి కారణం ఇదే.

కొన్నేళ్ళ కిందట కొండవాలులోని చెట్లకు కాండం తొలిచే పురుగు పట్టింది. అది లోయలోకి పాకకుండా ఆ వాలంతా కొట్టేశారు. ఆ సంవత్సరం ఆమె గాలి గదిని చీటీ రాసి అడిగింది: టవరు అంకె మారిందా అని. పెద్దగా మారలేదని జవాబు వచ్చింది. కట్టుబాటు ప్రకారం అంతకుమించి అడగకూడదు. ఆమె అడగలేదు.

తరవాత కొన్ని పట్టికల్లో మిగులు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. ఒక సంవత్సరం ఏమీ మిగల్లేదు.

"చూశారా! ఇన్నేళ్ళకి!" అన్నాడు డైరెక్టరు, పట్టికను ముఖానికి దగ్గరగా పట్టుకుని. "సున్నా! నిండు సున్నా!"

"గాలి గది కొలత బాగుంటే అన్నీ బాగుంటాయి సార్," అన్నాడు గాలి గది పెద్దాయన. అతను తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే తన గది గురించే మాట్లాడతాడు. టవరు నిలబెట్టిన రోజునుంచీ ఒక్క పూట కూడా తెగని రికార్డు అతనిది.

"మా వాగు లేకపోతే మీ గాలికి తడి ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?" అంది నీటి గది అమ్మాయి. అందరూ నవ్వారు. టీలు వచ్చాయి.

ఆమె టీ చల్లారిపోయింది. కొలిచిన ప్రతిదానిలోనూ ఎంతోకొంత తప్పుంటుంది. మూడు తప్పులను కలిపితే సున్నా రావడానికి వీలులేకపోలేదు గాని, రావలసిన పని లేదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో చాలాసేపటినుంచి ఏడుపు వినిపించకపోతే పెద్దవాళ్ళు చేతిలో పని వదిలేసి లేచి వెళ్తారు. ఆమెకు అలా లేవాలనిపించింది. కాని కుదరని లెక్కనైతే తిరగేసి చూడవచ్చు, కుదిరినదాన్ని ఏమని తిరగెయ్యాలి?

ఆ వారం సెలవుకు అక్క ఇంటికి వెళ్ళింది.

అక్కే ఆమెను పెంచింది. తల్లి పోయేనాటికి ఆమె బడిపిల్ల. అక్క అప్పుడప్పుడే ఓణీ వయసు దాటినది. ఇంటినిండా ఊరివాళ్ళ బట్టలు పోగేసుకుని కుట్టి, చెల్లెలిని సైన్సు చదివించింది. ఆ మిషను చప్పుడులో చదివీ చదివీ, ఈ రోజుకీ గది మరీ నిశ్శబ్దంగా ఉంటే ఆమెకు లెక్క సాగదు. కేంద్రంలోని తన గదిలో గడగడలాడే పాత ఫ్యానును మార్చనివ్వకపోవడం అందుకే.

అక్క ఇల్లు కేంద్రానికి కింద, కొండ పాదాన్ని ఆనుకుని ఉన్న ఒక వరస ఇళ్ళలో చివరిది. ముందు రోడ్డు, వెనక కొండ. వెనక గదిలో కుట్టు మిషను, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫారం గుడ్డలు. బావ బస్సు డ్రైవరుగా రిటైరై, ఇప్పుడు అదే బడికి పిల్లల బస్సు నడుపుతున్నాడు. రాత్రి ఆ బస్సు ఇంటిముందే ఉంటుంది.

"ఏమే, ఇలా చిక్కిపోయావు? మీ ఆఫీసులో అంకెలు తప్ప తిండి దొరకదా?" అంది అక్క.

"అంకెలు తింటే ఒళ్ళు రాదే, పొగరొస్తుంది," అన్నాడు బావ. "రా మరదలా, కూర్చో. తలుపు మాత్రం కాస్త గట్టిగా నెట్టు."

వెనక గది తలుపు గడపకు పట్టేసి సగంలో ఆగింది. కింద అంచున చెక్క కొత్తగా చిత్రిక పట్టి ఉంది.

"ఇది రెండోసారి చిత్రిక పట్టడం," అన్నాడు బావ. "నా జీతం పెరగలేదు గానీ ఈ తలుపు పెరుగుతూనే ఉంది."

ఆమె నవ్వబోయి ఆగింది. గదిలో తడిగుడ్డ వాసన వస్తోంది. వానలు వెళ్ళి నెలలైంది. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతున్న ఎండ.

"ఎండాకాలంలో ఈ చెమ్మేంటక్కా?"

"రెండేళ్ళుగా ఉన్నదే. పక్కింటివాళ్ళ పంపు లోపల్లోపల కారుతోంది. ఎంత చెప్పినా వినరు. మీ బావ వాళ్ళతో మాటలు మానేశాడు కూడా."

"మాటలు మానేస్తే పంపు ఆగుతుందా బావా?"

"ఆగదు. నాకు మాత్రం చాలా హాయిగా ఉంది."

ఆమె గోడకు అరచెయ్యి ఆనించింది. జీవితంలో అదే మొదటిసారి. గోడ చల్లగా ఉంది. నీడలో ఉన్న గోడకు ఉండే చల్లదనం కాదు అది, బావిలోకి దించిన చేతికి తగిలే చల్లదనం. గోడ అడుగున, రాళ్ళ అతుకు దగ్గర నీరు సన్నగా, కాని ఆగకుండా ఊరుతోంది. ఒక ఖాళీ సీసా అడిగి దాని కింద పెట్టింది.

"అక్క ఇంటికొచ్చి చీర పట్టుకెళ్తారు గానీ, మురికినీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని నిన్నే చూశాను," అంది అక్క. సీసా నిండేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

మర్నాడు కేంద్రంలో ఆ నీటిని పరీక్షించింది. పంపునీటిలో కలిపే మందు జాడ అందులో లేదు. కరిగిన లవణాలు మాత్రం చాలా ఎక్కువ. వాన పడగానే జారివచ్చిన నీటిలో అన్ని ఉండవు. రాతి పగుళ్ళలో కొన్ని రుతువులు నిలిచి, ఆ రాతినే కొద్దికొద్దిగా కరిగించుకున్న నీరు అది. పక్కింటివాళ్ళ పాపం ఏమీ లేదు. ఆ నీరు కొండది.

అయితే పట్టిక ప్రకారం కొండలో మిగులు నీరు లేదు. పడిన ప్రతి చుక్కకూ లెక్క చెప్పేశారు. పట్టిక నిజమైతే ఈ సీసాలో నీరుండకూడదు. సీసా ఆమె బల్లమీద నిండుగా ఉంది.

ఆమె గాలి గది తలుపు తట్టింది.

"టవరు చూడాలి," అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడకూడదని కాదు గానీ, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఏమైంది? మా అంకెలో ఏదన్నా..."

"అంకెలో ఏం లేదు సార్. మా అక్క ఇంట్లో గోడ తడిగా ఉంది."

ఆ జవాబు విని అతను చెప్పులు వేసుకున్నాడు.

దారి పొడుగునా మొదళ్ళే. కొట్టేసిన చెట్ల మొదళ్ళు బూడిదరంగుకు తిరిగి వాలంతా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య పెరిగిన గడ్డి ఎప్పుడో ఎండిపోయింది. ఒక మలుపు తిరిగేసరికి ఆమె నిలబడిపోయింది. ఎదురుగా చెట్లు, దట్టంగా, పచ్చగా. నడుమ టవరు. ఎడారిలో ఎవరో మరచిపోయిన తోటలా ఉంది.

"ఈ చెట్లెందుకున్నాయి సార్?"

"ఎందుకేమిటి? మేమే అడిగి ఉంచుకున్నాం." అతని గొంతులో గర్వం తెలుస్తూనే ఉంది. "చుట్టూ కొట్టేస్తే మా రికార్డు తెగిపోదూ? గాలి వచ్చే వైపు ఒక్క చెట్టునీ ముట్టుకోనివ్వలేదు. పురుగుమందు మా చేతుల్తో మేమే కొట్టుకున్నాం. అందుకే అంకె మారలేదు."

"మరి ఈ టవరు అంకె ఎంత మేరకి వర్తిస్తుందంటారు?"

"టవరుకి గాలి మోసుకొచ్చేంత మేరకి. అంటే ఈ తోపు మేరకి." అతను ఆమెవైపు తిరిగాడు. "ఎందుకూ? మీరు ఎంత మేరకి వేస్తున్నారు?"

"కొండవాలు మొత్తానికి."

ఆకులు గలగలమన్నాయి. తోపు సంగతి ఆమెకు తెలిసే ఉంటుందని అతను అనుకున్నాడు. చెట్లు పోయిన సంగతి టవరుకు తెలిసే ఉంటుందని ఆమె అనుకుంది. ఒకరి పరువును ఒకరు అంత జాగ్రత్తగా కాపాడుకున్నారు.

"అంటే," అంది ఆమె, "కొట్టేసిన చెట్లు మన లెక్కలో ఇంకా ఊపిరి తీస్తున్నాయి."

తన గదికి వచ్చి, ఫ్యాను వేసుకుని, చెట్లు పోయిన ఏటినుంచి పట్టికలన్నీ మళ్ళీ వేసింది. చచ్చిపోయిన చెట్లు తాగి గాలికి వదిలినట్టు రాసిన నీటినంతా నిజానికి కొండ తాగింది. నేల గది కడ్డీలు నిలువెత్తు లోతుతో ఆగిపోతాయి. నీరు వాటిని దాటి, రాతి పగుళ్ళలోకి, ఎవరూ కొలవని చోటికి దిగింది. ఏటేటా. టవరు ఎక్కువ చెప్పినదీ, కొండ దాచుకున్నదీ సమానమయ్యేసరికి సున్నా వచ్చింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి మింగేసి మూతి తుడుచుకున్నాయి. ఆ రోజు కేంద్రంలో అందరూ టీ తాగింది అందుకే.

పైన చెట్లు లేవు. వేళ్ళు మట్టిలో కుళ్ళిపోతున్నాయి. కొండ కడుపు నీటితో నిండి ఉంది. దాని పాదాన అక్క కూర్చుని యూనిఫారాలు కుడుతోంది. వానలు ఇంకా రాలేదు.

వానలు పడితే కొండ జారవచ్చని ఆమె చెప్పినదంతా డైరెక్టరు శ్రద్ధగానే విన్నాడు. తరవాత నీళ్ళు నమిలాడు. "ఊళ్ళో జనాన్ని ఇళ్ళు ఖాళీ చెయ్యమని చెప్పాలంటే మూడు గదులూ సంతకం పెట్టాలమ్మా. పద్ధతి అది. రేపు ఏమీ కాకపోతే కేంద్రం మూసుకోవాల్సిందే."

నేల గది సంతకం పెట్టింది. నీటి గదీ పెట్టింది. గాలి గది పెద్దాయన కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క కాలం ఆగుదాం," అన్నాడు. "మొదళ్ళ మధ్య ఇంకో టవరు వేసి చూద్దాం. చూడకుండా ఎలా? ఇప్పుడు సంతకం పెడితే చెట్లు పోయినప్పటినుంచీ నా రికార్డంతా చెత్తబుట్టకే."

"ఒక్క కాలం అంటే వానకాలం సార్."

అతను తల దించుకున్నాడు గాని కలం తియ్యలేదు. ఆమెకు కోపం రాలేదు. అలాంటి రికార్డు తనకుంటే తాను మాత్రం అంత తేలిగ్గా వదులుకునేదా అని ఆలోచించింది. అక్క ఇల్లు ఆ కొండ కింద లేకపోతే? ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు ఆమెకు నచ్చలేదు.

సంతకాల పని అలా ఆగిపోగానే సాయంత్రం తానే వెళ్ళి అక్కకు చెప్పింది. వివరంగా, బొమ్మ గీసి మరీ చెప్పింది. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విని, "బడి తెరిచేలోపు ఇవన్నీ ఇవ్వాలే," అంది.

"అక్కా, కొండ గురించి చెబుతున్నాను."

"నేనూ విన్నాను. ఆ కొండ మీ బావకంటే పెద్దది. ఇన్నాళ్ళూ కదలనిది నువ్వు లెక్కేశావని కదులుతుందా? మీ ఆఫీసువాళ్ళే సంతకం పెట్టలేదన్నావు. వాళ్ళు నమ్మంది నన్ను నమ్మమంటావు!"

బావ మాత్రం నవ్వలేదు. చిత్రిక పట్టిన తలుపు అంచును వేలితో తడుముతూ, "అయితే ఇది పెరగలేదన్నమాట," అన్నాడు. "గోడే వంగుతోంది."

చివరకు రెండు విషయాలకు అక్కను ఒప్పించగలిగింది. బట్టమీద గీతలు గీసే సుద్దబిళ్ళతో గోడమీద తడి ఎంతవరకు వచ్చిందో రోజూ ఒక గీత గియ్యాలి, గీసి ఫోను చెయ్యాలి. బావ బస్సును రోడ్డువైపు ముఖం తిప్పి నిలపాలి. మొదటిది చెల్లెలి ముచ్చట తీర్చడానికి అక్క ఒప్పుకుంది. రెండోది బావ అడగకముందే చేశాడు.

వానలు మొదలయ్యాయి.

మొదటి జల్లులు పడిన మరునాడు గాలి గది పెద్దాయన బురదకాళ్ళతో ఆమె గదిలోకి వచ్చాడు. ఇంకొకరి గదిలోకి అతను అలా రావడం ఎవరూ ఎరగరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"టవరుని నాలుగు వైపులా తీగలతో బిగించి ఉంచుతాం, చూశారుగా," అన్నాడు. "ఎగువ వైపు తీగ ఇవాళ మీటితే మోగుతోంది. దిగువది దుప్పటి ఆరేసుకునే తాడులా వేలాడుతోంది."

"ఇవాళే అలా అయిందా?"

అతను తన బురదకాళ్ళవైపు చూసుకున్నాడు. "ప్రతి ఏడూ వానలకి ముందు దిగువ తీగ వదులై ఉంటుంది. బిగిస్తాం. వదులైతే బిగించాలి, అంతే కదా అనుకున్నాను. ఎందుకు వదులవుతోందని నేను..." కలం తీశాడు. "ఎక్కడ పెట్టాలి?"

సంతకాలు మూడయ్యాయి. హెచ్చరిక వెళ్ళింది. కింద ఊళ్ళోని సర్కారు ఆఫీసువాళ్ళు వాన తెరిపివ్వగానే వచ్చి చూస్తామన్నారు. ఆ వరసలో కొందరు సామాను సర్దుకుని చుట్టాల ఇళ్ళకు వెళ్ళారు. కొందరు కేంద్రంవాళ్ళకు పనిలేదన్నారు. వాన మాత్రం తెరిపివ్వలేదు.

అక్క ఫోను రోజూ వచ్చేది. "ఇవాళ గీత మిషను బల్ల ఎత్తుకొచ్చిందే." "ఇవాళ కిటికీ అడుక్కి." గొంతులో వెటకారం రోజురోజుకూ తగ్గుతోంది. ఇంకొక్క కట్ట మిగిలిందని, అది అవగానే వచ్చేస్తామని చెప్పింది.

ఆ మధ్యాహ్నం కేంద్రం కిటికీలనుంచి లోయ కనబడడం లేదు. ఆమె గాలి గదిలో పెద్దాయన పక్కన కూర్చుని టవరు పంపే అంకెలు చూస్తోంది. ఫోను మోగింది.

"నోరు తీపి చేసుకోవే!" అక్క గొంతు గలగలలాడుతోంది. "గోడ ఎండిపోయింది!"

"ఏంటక్కా?"

"ఊట ఆగిపోయిందే. గుడ్డతో తుడిచి కూడా చూశాను, చుక్క లేదు. బయటేమో కుండపోత. ఇంత వాన పడుతుంటే గోడ ఎండిందంటే ఏంటి అర్థం? మా చెల్లెలి లెక్క తప్పని! ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు కదే!"

అదే సమయానికి నీటి గది అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "కూడికమ్మా, వాగు తగ్గుతోంది," అంది. "ఇంత వానలో వాగు తగ్గుతోంది. మా సెన్సరు పాడైందేమో."

సెన్సరు పాడవలేదు. ఇన్నాళ్ళూ కొండ ఆ గోడ అడుగునుంచీ, వాగులోకీ కొంత కొంత కక్కుకుంటూ బతికింది. ఇప్పుడు లోపల ఏదో కదిలి ఆ దారులు మూసుకుపోయాయి. పడుతున్నదంతా లోపలే ఉంటోంది.

"అక్కా, ఫోను బావకియ్యి."

"ఎందుకే? అన్నం తింటున్నాడు."

"ఇవ్వమన్నానా?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె అక్కతో ఆ గొంతుతో మాట్లాడలేదు. తరవాత బావ గొంతు. ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే, "బస్సు రోడ్డువైపే ఉంది," అన్నాడు. ఫోను పెట్టెయ్యలేదు, అలాగే బల్లమీద పడేశాడు కాబోలు. హారను మోత, పరుగులు, అక్క కేకలు వినిపించాయి. "మిషనండీ! నా మిషను!" "మిషను పోతే ఇంకోటి కొంటా, నువ్వు పోతే ఎక్కడ కొనేది? నడు!" తరవాత ఎవరి తలుపో దబదబ బాదుతున్న చప్పుడు. మాటలు మానేసిన పక్కింటి తలుపు. "పంపు గొడవ తరవాత చూసుకుందాం, ముందు బస్సెక్కవయ్యా బాబూ!"

తరవాత వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అక్క ఇంట్లో ఎవరూ లేని వాన చప్పుడు. ఆమె ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

ఆ తరవాత ఏమి వినబడిందో ఆమె ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. గర్జన కాదని మాత్రం ఒకసారి అంది. పెద్ద గుడ్డను నిదానంగా చింపుతున్నట్టు ఉందట. అది ఫోనులోనుంచి వచ్చిందో, కిటికీలోనుంచి వచ్చిందో తెలియలేదట. ఫోను తెగిపోయింది.

కాసేపటికి బావ మరో ఫోనునుంచి పిలిచాడు. "మలుపు దాటాం," అన్నాడు. "అందరం ఉన్నాం. మీ అక్క నాతో మాట్లాడ్డం లేదు, మిగతా అంతా బాగానే ఉంది." ఆమె అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది. పక్కన పెద్దాయన తెరవంకే చూస్తున్నాడు.

"చూడండి," అన్నాడు.

టవరునుంచి అంకెలు వస్తున్నాయి. క్రమంగా, ఒక్కటీ తప్పకుండా. తడి గాలి, తడి ఆకులు, తక్కువ ఆవిరి. మంచి అంకెలు.

మర్నాడు మబ్బు విడిచాక సంగతి తెలిసింది. తోపు తోపంతా, వేళ్ళ కింద మట్టితో సహా, నిలబడినది నిలబడినట్టే కిందకు దిగింది. నడుమ టవరు కొద్దిగా ఒరిగి, కరెంటిచ్చే సోలారు పలకతో, తీగలతో అలాగే ఉంది. ఇప్పుడు ఆ చెట్లు అక్క ఇల్లు ఉన్న చోట, ఆ ఇంటిపైన, పచ్చగా ఊగుతున్నాయి. గాలి గది రికార్డు ఒక్క పూట కూడా తెగలేదు. పెద్దాయన తానే కొండ దిగి వెళ్ళి టవరు వైరు పీకి వచ్చాడు. కేంద్రంలో అతను ఆ తరవాత మూడు గదులకూ మధ్య తలుపులు తీయించాడు.

అక్క ఇప్పుడు ఊరికి అవతల, చదును నేలలో, మేడమీద అద్దెకు ఉంటోంది. ఎవరో ఇచ్చిన పాత మిషనుమీద కుడుతోంది. ఆ రోజు అక్క చేతికి దొరికింది కత్తెర, సుద్దబిళ్ళ మాత్రమే. చెల్లెలు వచ్చినప్పుడల్లా, "గోడ చూసుకున్నావా? ఇక కూర్చో," అంటుంది. కొండ మాట ఎత్తదు.

ఎత్తింది బావే.

"మరదలా, ఆ మిగులు నీళ్ళన్నీ వచ్చేసినట్టేనా?" అన్నాడు ఒక సాయంత్రం, అక్క లోపల ఉన్నప్పుడు.

జారిన మట్టి ఎంతో కొలిచారు, అందులో తడి ఎంతో కొలిచారు, ఊట పారినదంతా కొలిచారు. ఈసారి మూడు గదులవాళ్ళూ కలిసి కొండంతా నడిచి మరీ కొలిచారు. ఆమె తీసివేత వేసింది. ఎన్నిసార్లు వేసినా, కొండ తాగినదానిలో బయటికి వచ్చింది సగానికి తక్కువే.

"సగం కూడా రాలేదు బావా."

బావ కాసేపు రోడ్డువైపు చూశాడు. "అయితే మిగతాది ఎక్కడుంది?"

"తెలీదు. కొండ కదిలినప్పుడు లోపల దారులు మారాయి. ఏ వైపుకి తిరిగిందో ఇంకా తెలీదు."

"మీ కేంద్రం కూడా ఆ కొండమీదేగా?"

"అవతలి భుజం మీద."

అక్క టీ తెచ్చింది. మాట అక్కడితో ఆగింది. వెళ్ళేటప్పుడు ఆమె అక్కను సుద్దబిళ్ళ అడిగి తీసుకుంది. ఎందుకని అక్క అడగలేదు. కొత్తది ఇవ్వబోయి, మళ్ళీ ఆలోచించి పాతదే ఇచ్చింది.

ఇప్పుడు కేంద్రంలో ఆమె గది వెనక గోడకు, నేలను ఆనుకుని ఒక తెల్లటి గీత ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి, ఫ్యాను వెయ్యకముందే వంగి, ఆ గీత కింద అరచెయ్యి ఆనిస్తుంది. గోడ పొడిగానే ఉంటోంది. చేతిని అలాగే ఉంచుతుంది. పొడిగోడను చూసి ధైర్యం తెచ్చుకునే అదృష్టం ఆ మధ్యాహ్నంతోనే ఆమెకు పోయింది.